మోజెల్ వ్యాసం గురించి నాలుగు మాటలు

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మనీలో మోజెల్ నది లోయలోని చిన్న వైనరీ మీద నువ్వు రాసింది నిదానంగా చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ సగం వ్యాసం రుచి వర్ణనే: నిమ్మ, పచ్చి ఆపిల్, తేనె, తడి రాయి. ఆ వైన్ తాగనివాడికి ఇవేవీ అందవు. ఆ రుచి సీసాలోకి ఎలా చేరిందో చెప్పు, వదలకుండా చదువుతాడు.

కొండను ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు సంగతంతా అక్కడే ఉంది కదా! బ్రెమ్ ఊరి దగ్గర కాల్మాంట్ కొండ కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. ట్రాక్టర్ ఎక్కదు. ఒకే పట్టా మీద నడిచే చిన్న బండి కొంత సాయం చేస్తుంది, మిగతాదంతా కాళ్లూ చేతులే. నేలంతా పలకరాయి ముక్కలు. పగలు ఎండకు కాగి, రాత్రి ఆ వేడిని తీగలకు వదులుతాయి. అంత ఉత్తరాన, అంత చలిలో రీస్లింగ్ ద్రాక్ష పండుతోందంటే ఆ రాళ్ల చలవే.

పాత తోటల్లో ఒక్కో తీగకు ఒక్కో కర్ర. చలికాలంలో కత్తిరించాక మిగిలిన రెండు రెమ్మలను చెరోవైపు వంచి, కొసలు కిందికి తెచ్చి కర్రకు కడతారు. పొడి గాలిలో వంచితే పుటుక్కున విరుగుతాయి కాబట్టి తేమ ఉన్న రోజు చూసుకుని ఆ పని పెట్టుకుంటారు. ఇది దగ్గరుండి చూశానని ఫోన్లో ఎంత ఉత్సాహంగా చెప్పావు! వ్యాసంలో ఏదీ?

"తీపి, పులుపు భలే కుదిరాయి" అన్నావు. ఎందుకు కుదిరాయి? అక్కడి సంప్రదాయ పీపా సుమారు 1000 లీటర్లు పడుతుంది. చల్లటి నేలమాళిగలో పులియడం నెమ్మదిస్తుంది. ద్రాక్షలోని చక్కెర అంతా ఆల్కహాల్‌గా మారకముందే ఆగిపోవచ్చు, లేదా కావాలనే ఆపుతారు. అందుకే కబినెట్ అనే తేలిక రకం వైన్లు కొన్నింటిలో ఆల్కహాల్ 8 శాతం దగ్గరే ఉండి, తీపి మిగులుతుంది. పులుపు గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ తీపి మొహం మొత్తదు. ఈ నాలుగు ముక్కలు రాస్తే "భలే" అనే మాట పాఠకుడే అనుకుంటాడు.

ఇంకొకటి. చిన్న వైనరీ అనగానే జాలిగా రాయకు. వాళ్లది గట్టి వృత్తి, లెక్కలున్న వృత్తి. చదును నేల కంటే వాలులో పని గంటలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఖర్చు భరించలేక వదిలేసిన వాలులు ముళ్లపొదలైపోయాయి. మీ వైనరీ వాళ్లు ఎందుకు వదల్లేదు? ఆ ప్రశ్న నువ్వు అడిగినట్టు లేదు. మొహమాటపడకుండా ఫోన్ చేసి అడుగు, సీసా ధరలో ఎంత కూలికి పోతుందో కూడా అడుగు. తర్వాత కొండ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు