సమాధానం: నవ్వు ఎవరి మీద పడాలి?

కులా మారకం (పాపువా న్యూ గినీలోని ట్రోబ్రియాండ్, దాని చుట్టుపక్కల ద్వీపాల వాళ్లు పడవల్లో వెళ్లి గవ్వల దండలు, కడియాలు ఇచ్చిపుచ్చుకుని, కొన్నాళ్లకు వాటిని మరొకరికి అందించే ఆచారం) గురించి మీరు గీసిన కార్టూన్‌లో మాటలు ఎక్కువై చాలామంది చదవడం లేదని, చదివినవారేమో ట్రోబ్రియాండ్ ద్వీపవాసులను చూసి నవ్వారని రాశారు. నా దృష్టిలో రెండో సమస్యే అసలు సమస్య.

నవ్వు పండించాల్సింది ద్వీపవాసి కాదు, నోటుపుస్తకం పట్టుకున్న పరిశోధకుడు. "వాడుకోని వస్తువు కోసం ఇంత దూరం పడవ ప్రయాణమా?" అని అతడి చేత అడిగించండి. పక్క గడిలో అతడి దేశంలోనే జనం ఒక వెండి కప్పు కోసం మైదానంలో చెమటోడుస్తుంటారు. ఏడాది తిరగగానే ఆ కప్పును ఇంకొకరికి అప్పగించాలి కూడా! ఈ పోలిక నా సొంతం కాదు. కులా వస్తువులను ఆ ద్వీపాల్లో ఉండి పరిశోధించిన మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీయే 1922లో రాజాభరణాలతో, క్రీడల కప్పులతో పోల్చాడు. 1956లో అమెరికన్ మానవ శాస్త్రవేత్త హొరేస్ మైనర్ ఇంకో అడుగు వేసి, అమెరికన్లు పళ్లు తోముకోవడాన్ని ఏదో వింత తెగ కర్మకాండలా వర్ణించాడు. చాలాసేపటికి గాని అది తమ గురించేనని చదువరికి తట్టదు.

ఇక మాటల సంగతి. ఎర్ర గవ్వల దండలు గడియారపు ముల్లు దిశలో, తెల్ల గవ్వ కడియాలు ఎదురు దిశలో తిరుగుతాయని మూడు బుడగల్లో వివరించారు. ద్వీపాలను వలయంగా గీసి, ఎదురెదురుగా రెండు పడవలు పెడితే చాలు; ఒక్క బుడగా అక్కర్లేదు. 'పరస్పరత' అన్న మాటనైతే నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

అచ్చుకు ఇచ్చే ముందు ఆ ప్రాంతం వారికెవరికైనా చూపించగలిగితే చూపించండి. వాళ్లు నవ్వకపోతే మళ్లీ గీయండి.