వపా రంగులు ట్యాబ్‌లో ఎందుకు దిగట్లేదు? (బొమ్మల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ ఓపెన్ చేసి బొమ్మలేస్తుంటానండి. అమ్మమ్మ వాళ్ళింట్లో పాత చందమామలు, యువ దీపావళి సంచికలు తిరగేసీ తిరగేసీ వడ్డాది పాపయ్య (వపా) గారి బొమ్మలంటే పిచ్చి పట్టుకుంది. ఆయన స్టైల్లో వేద్దామని వాటర్ కలర్ బ్రష్ ప్యాకులు కొన్నాను, నెట్‌లో దొరికిన స్కాన్ల నుంచి ఐడ్రాపర్‌తో రంగులు తీసి పాలెట్ చేసుకున్నాను, అయినా నాది ప్లాస్టిక్ ప్లాస్టిక్‌గానే వస్తోంది. పైగా ఈమధ్య తెలిసినవాళ్ళు పెళ్ళికార్డు కోసం ఆ స్టైల్లో సీతాకల్యాణం వేసివ్వమన్నారు, డబ్బులిస్తామన్నారు. మా అన్నయ్యేమో అది దొంగతనం అంటున్నాడు. నిజమేనా? 
- ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ప్లాస్టిక్ సంగతి చూద్దామమ్మా, దొంగతనం సంగతి తర్వాత.

రంగులు స్కాన్లోంచి తీసుకున్నానన్నారు చూశారా, అక్కడే తేడా కొట్టింది. మీ చేతిలో ఉన్నది వపా గారి బొమ్మ కాదు. ఆయన వేసిన బొమ్మని ఫొటో తీసి, నాలుగు రంగుల చుక్కలుగా విడగొట్టి, మామూలు కాగితం మీద అచ్చేసి, ఆ కాగితం ఏళ్ళ తరబడి అటక మీద పడుండి పసుపెక్కాక ఎవరో పుణ్యాత్ములు స్కాన్ చేస్తే, అది ఇరవై గ్రూపులు తిరిగి మీ దాకా వచ్చింది. అందులో తెలుపు తెలుపు కాదు, లేత గోధుమరంగు. నీలం కాస్త పచ్చబారి ఉంటుంది. బాగా జూమ్ చేసి ఐడ్రాపర్ పెడితే ఒక్కోసారి దొరికేది ఆయన కలిపిన రంగు కూడా కాదు, అచ్చు తాలూకు చుక్క. అంటే మీ పాలెట్ నిండా పాత కాగితం రంగులే ఉన్నాయన్నమాట. ఇంకా కొందరు వింటేజ్ లుక్ అని పైన మరకల టెక్స్చర్ కూడా పరుస్తారు, నాకైతే అది చూస్తే చిరాకు.

రెండో విషయం అసలైనది. ఆయన పని ఎక్కువగా నీటిరంగుల్లో. నీటిరంగుల్లో తెలుపు పూసేది కాదు, వదిలేసేది. ముత్యాల దండ మీద మెరుపు, పంచె మడత, కంట్లో చుక్క, ఇవన్నీ కాగితమే అయ్యుండాలి, అంటే బ్రష్ తడపకముందే ఎక్కడెక్కడ ఏమీ వేయకూడదో తేల్చేసుకోవాలి. (కొసమెరుపులకి తెల్ల పోస్టర్ కలర్ అద్దేవాళ్ళూ ఉంటారు, అది చివర్లో, చిటికెడు.) మరి ట్యాబ్‌లో మనమేం చేస్తాం? ముందు ముదురు రంగు మొత్తం నింపేసి, తర్వాత పైన కొత్త లేయర్ (పొర) తీసి, దాని మీద తెల్ల చుక్క పెడతాం. అది నూనెరంగుల పద్ధతి. నూనెరంగుల పద్ధతిలో వేస్తూ నీటిరంగుల బ్రష్ పట్టుకుంటే వచ్చేదే మీరు చెప్పిన ఆ ప్లాస్టిక్. బ్రష్ ప్యాకులు ఎన్ని కొన్నా అది పోదు, ఎందుకంటే లోపం బ్రష్‌లో లేదు, వేసే వరసలో ఉంది.

కాబట్టి ఇలా చేసి చూడండి. ఎ4 సైజు, 300 డీపీఐ, అంటే 2480 బై 3508 పిక్సెల్స్ కాన్వాస్ తీసుకోండి. పాలెట్లోంచి తెలుపు తీసేయండి, నలుపు కూడా తీసేయండి. ఐదారు రంగులు చాలు. లేయర్లు మూడో నాలుగో పెట్టుకుని, కింద కాగితం తప్ప మిగతావన్నీ మల్టిప్లై మోడ్‌లో పెట్టి, లేత నుంచి ముదురుకి వెళ్ళండి. మల్టిప్లైలో రంగు మీద రంగు పడితే ముదురవుతుందే తప్ప లేతవదు, నీటిరంగు చేసేదీ అదే. ఒక పూత అయిపోయిందనుకోగానే లేయర్లు మెర్జ్ చేసేయండి, వెనక్కెళ్ళే దారి మూసుకుపోతుంది, అప్పుడు చెయ్యి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది. అన్‌డూ మొత్తానికే మానేయమని చెప్పను, అంత వైరాగ్యం నాకూ లేదు.

నీడలకి నలుపు లేకుండా ఎలా అంటారా, ఆయన బొమ్మల్లో ఒంటి రంగు చూడండి, చెంప పక్కన, మెడ కింద, నీలాలూ ఊదాలూ తొంగిచూస్తుంటాయి. ఇక్కడ ఇంకో చిక్కుంది. మామూలు డిజిటల్ బ్లెండింగ్‌లో నీలాన్నీ పసుపునీ స్మడ్జ్ చేస్తే మధ్యలో వచ్చేది ఆకుపచ్చ కాదు, బూడిదరంగు. తెరకి తెలిసింది కాంతి లెక్కలు, రంగుపొడి లెక్కలు కాదు. రెబెల్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లో నిజం రంగుల్లా కలిసే పిగ్మెంట్ మోడ్ ఉంది, కొనే ఓపిక లేకపోతే మధ్యలో రావాల్సిన ఆకుపచ్చని ముందే విడిగా పాలెట్లో పెట్టుకోండి, పనైపోతుంది.

అన్నిటికంటే మంచి సలహా ఏంటంటే, ఒక చిన్న నీటిరంగుల పెట్టె కొనుక్కుని మందపాటి కాగితం మీద నిజంగా వేయండి. బాగా రావక్కర్లేదు. తడి మీద తడి ఎలా పాకుతుందో, నీళ్ళెక్కువైతే ఆరాక రంగు అంచుకి చేరి అక్కడ ముదురు గీత ఎలా కడుతుందో ఒకసారి కళ్ళారా చూస్తే, ట్యాబ్‌లో బ్రష్ సెట్టింగ్స్ అన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. వపా గారు పుట్టింది 1921లో శ్రీకాకుళంలో, నాన్నగారు డ్రాయింగ్ మాస్టారు. రవివర్మ కోదండరాముడి బొమ్మ చూసి ఆయన బొమ్మల్లో పడ్డారని చెప్తారు. ఆ చూసిందీ బహుశా అచ్చు బొమ్మే అయ్యుంటుంది, రవివర్మ 1894లో సొంత ప్రెస్ పెట్టాక ఆ లిథో (రాతి అచ్చు) బొమ్మలు లేని ఊరు లేదు కదా. మరి ఆయన ఆ అచ్చులోంచి కాగితం రంగు తీసుకోలేదు, మనిషిని నిలబెట్టే తీరు తీసుకున్నారు, దాన్ని నీటిరంగుల్లోకి తెచ్చి మన పండగలకీ మన ఋతువులకీ కట్టారు. చూసి నేర్చుకోవడం దొంగతనమైతే ఈ లైన్లో దొరలెవరూ మిగలరు.

చట్టం కూడా దాదాపు అదే అంటుంది. మన 1957 కాపీరైట్ చట్టంలో రక్షణ ఫలానా బొమ్మకే గానీ శైలికి కాదు. కళాకారుడు పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళు ఆ రక్షణ ఉంటుంది. వపా గారు పోయింది 1992 డిసెంబర్లో, అంటే ఆయన బొమ్మలకి 2052 చివరిదాకా. హక్కులు కుటుంబం దగ్గర ఉండొచ్చు, పత్రిక దగ్గర ఉండొచ్చు, అప్పటి ఒప్పందాన్ని బట్టి. కాబట్టి ఆయన వేసిన ఒక బొమ్మని కింద లేయర్లో పెట్టుకుని ట్రేస్ చేసి, చీర రంగు మార్చి, పెళ్ళికార్డుకి అమ్మితే మీ అన్నయ్య కరెక్టు. అలా కాకుండా సీతాకల్యాణం కూర్పు మీరే చేసుకుని, ఎవరెక్కడ నిలబడాలో మీరే ఆలోచించుకుని, రంగుల పద్ధతి మాత్రం ఆయన దగ్గర పట్టుకుంటే మీరు కరెక్టు. సంతకం మీదే పెట్టండి. ఆయన సంతకం తీరుని అనుకరించొద్దు, సరదాకి కూడా వద్దు, రేపు అది ఎవరి చేతిలోనో ఒరిజినల్ అయి కూర్చుంటుంది. కార్డు మూల చిన్నగా 'వపా ప్రేరణతో' అని రాస్తే మర్యాద. డబ్బులు నిక్షేపంగా తీసుకోండి, తెలిసినవాళ్ళు కదా అని రేటు తగ్గించకండి.

ప్రాక్టీస్ కోసం పూర్తిగా మక్కీకి మక్కీ కాపీ చేసి ధైర్యంగా అందరికీ చూపించుకోవాలంటే రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని పట్టుకోండి. 1925లోనే, ఇరవయ్యేడేళ్ళకే పోయారు, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే అసలు బొమ్మలే ఎదురుగా ఉంటాయి, స్కాన్ గోల ఉండదు. విశాఖ నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు.

ప్రశ్న: గ్రాఫిక్ డిజైనర్ని. ఒక హోటల్ వాళ్ళు గోడంతా చేర్యాల పెయింటింగ్ కావాలన్నారు. ఇల్లస్ట్రేటర్లో వెక్టర్ (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ) చేసి వాల్‌పేపర్ ప్రింట్ తీస్తే సరిపోతుందా? ఫ్లాట్ రంగులే కాబట్టి ఈజీ అనుకుంటున్నా. 
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈజీ అనుకున్నంత ఈజీ కాదు గానీ చేయొచ్చు. కాకపోతే దాన్ని 'చేర్యాల పెయింటింగ్' అని మాత్రం అనకండి. ఆ పేరుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, అంటే ఆ ఊళ్ళో ఆ పద్ధతిలో చేసినవాళ్ళకే ఆ పేరు. పద్ధతంటే ఏంటంటే, బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెట్టి, దాని మీద నకాశీలు (ఆ పటాలు వేసే కళాకారులు) బ్రష్‌తోనే నేరుగా గీస్తారు. మీ వాల్‌పేపర్ కింద ఇవేవీ లేవు కదా. 'చేర్యాల ప్రేరణతో' అనండి, క్లయింటుకీ అదే రాసివ్వండి.

ఇక డిజైన్. నెట్‌లో వచ్చే వెక్టర్ చేర్యాలల్లో ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ వేసి, పెద్ద కళ్ళ మొహాలు నాలుగు పెట్టేసి అయిపోయిందంటారు. అది ఇప్పటి మాస్కుల్నీ చిన్న ఫ్రేముల్నీ చూసి నేర్చుకున్న చేర్యాల. అసలు పటం కథ చెప్పడానికి పుట్టింది. పద్మశాలీలకి కూనపులివాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథకుల బృందం పటం విప్పుకుంటూ వాళ్ళ పురాణం పాడేది. అందుకే అది నిలువుగా పొడుగు చుట్ట, అడ్డంగా గళ్ళు, గడికీ గడికీ మధ్య పూల బార్డర్. దేవుళ్ళకి నీలం, దేవతలకి పసుపు, ఒంటి రంగు చూడగానే ఎవరో తెలిసిపోవాలి, వెనక కూర్చున్నవాడికి కూడా. అందుకే ఫ్లాట్ రంగు, అందుకే చివర్లో నల్ల గీత. మీ గోడ మీద ఏ కథా లేకుండా మనుషుల్ని చల్లితే రంగులన్నీ సరిగ్గా ఉన్నా ఏదో లోటు కొడుతుంది. ఏదో ఒక కథ ఎంచుకోండి, ఆ హోటల్ వంటింటి కథైనా పర్లేదు.

వెక్టర్లో ఇంకో ఇబ్బంది, గీత మరీ ఒకే మందంగా వస్తుంది. స్ట్రోక్‌కి విడ్త్ ప్రొఫైల్ మార్చండి, లేదా కాగితం మీద బ్రష్‌తో గీసి స్కాన్ చేసి పైకి తెచ్చుకోండి. ఒకే బొమ్మ వేసి అదే అటు తిప్పి ఇటు తిప్పి కాపీ పేస్ట్ చేయకండి, గోడ సైజులో దొరికిపోతారు.

క్లయింట్ బడ్జెట్ బాగుంటే నేనిచ్చే సలహా వేరే. చేర్యాల ఉన్నది సిద్దిపేట జిల్లాలో, మీకు దగ్గరే. అక్కడి కళాకారులతో మాట్లాడి మెయిన్ గోడకి అసలు పటం వేయించండి, మెనూ కార్డులూ లిఫ్టు పక్క గోడలూ మీరు చేయండి. మీకు రావాల్సిన డబ్బులు మీకొస్తాయి, పేరు కూడా నిజమవుతుంది.

ప్రశ్న: ఏఐలో 'బాపు బొమ్మ, వాలుజడ, అరుగు మీద' అని కొడితే అదిరిపోయే బొమ్మ వచ్చింది సార్. కాలేజీ ఆర్ట్ పోటీకి నా పేరుతో పంపొచ్చా? 
- ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: నీ పేరుతో వద్దు బాబూ. నువ్వు వేసింది ఒక వాక్యం, బొమ్మ కాదు. పోటీ రూల్స్‌లో చేత్తో వేసినవి అనుంటే అసలు పంపకు, ఏఐ కేటగిరీ ఉంటే ఏఐతో చేశానని రాసి పంపు. ఇంకో మాట, పంపేముందు ఆ బొమ్మలో వేళ్ళు, జడ పాయలు, చీర కుచ్చిళ్ళు దగ్గరగా పెట్టి చూడు. బాపు గారి గీత ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ అసలు గీయకుండానే ఉన్నట్టు అనిపిస్తుందో పక్కన ఆయన బొమ్మ ఒకటి పెట్టుకుని పోల్చు. తేడా కనిపిస్తే పెన్సిల్ తీసుకో, పోటీ వచ్చే ఏడాది కూడా ఉంటుంది.