క్లూస్ టీమ్‌లో చేరతానంటున్న కూతురు, ఆరు లక్షల ఫీజు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది. క్రైమ్ సీన్ పని నేర్చుకుంటానని ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ అంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు, హాస్టల్ కలిపి రెండేళ్లకు 6 లక్షలు. నా జీతం 38 వేలు. 3 లక్షల ఎఫ్‌డీ, 8 తులాల బంగారం ఉన్నాయి. బంగారం అమ్మేయనా, లోన్ తీసుకోనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బంగారం జోలికి వెళ్లకండి. ఎఫ్‌డీలోంచి 2 లక్షలు ఫీజుకు వాడి, మిగతా 4 లక్షలకు విద్యారుణం తీసుకోండి. 4 లక్షల దాకా బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడగవు, మీరు సహరుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది ఈఎంఐ ఉండదు.

కానీ వడ్డీ మాత్రం ఆగదు. ఏడాదికి 2 లక్షల చొప్పున లోన్ తీసుకుంటే, 10 శాతం లెక్కన మొదటి ఏడాది నెలకు 1,667 రూపాయలు, తర్వాత రెండేళ్లు 3,333 పడుతుంది. ఇది మీ జీతంలోంచి ఎప్పటికప్పుడు కట్టేయండి. కడితే తర్వాత ఏడేళ్లకు ఈఎంఐ 6,640. వదిలేస్తే అప్పు 5 లక్షలై ఈఎంఐ 8,300 అవుతుంది. మీ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపే కాబట్టి, కాలేజీ పీఎం విద్యాలక్ష్మి (కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం) జాబితాలో ఉంటే 3 శాతం వడ్డీ రాయితీకి అప్లై చేయొచ్చు. వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత విధానంలోనే ఉంది, దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

మిగిలిన లక్ష ఎఫ్‌డీ ఎందుకంటే, ఈ రంగంలో చదువు అయిపోగానే ఉద్యోగం చేతిలో పడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలి. దీనికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. అంటే మనుషుల అవసరం పెరుగుతుంది, నోటిఫికేషన్ మాత్రం దాని తీరికను బట్టి వస్తుంది. కాంట్రాక్టు పోస్టులూ ఉంటాయి. ఖాళీగా ఉండే ఏడాదిలో అమ్మాయి ఖర్చులకు ఆ లక్ష పనికొస్తుంది.

ఇక కోర్సు సంగతి. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కెమిస్ట్రీ, టాక్సికాలజీ (విషాల పరీక్ష), బయాలజీ, డాక్యుమెంట్లు ఇలా విభాగాలు వేరువేరు. పాత నోటిఫికేషన్లు తీసి, ఏ విభాగానికి ఏ డిగ్రీ అడిగారో అమ్మాయినే చూడమనండి. కెమిస్ట్రీ ఎంఎస్సీ సరిపోయే పోస్టులుంటే ఆ దారి చవక. తర్వాత క్యాంపస్‌కు వెళ్లండి. మాక్ క్రైమ్ సీన్ గది ఉందా? వేలిముద్రల పౌడరు, బ్రష్ పిల్లల చేతికిస్తున్నారా, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారా? పాదముద్రకు పోత పోయడం ఎన్నిసార్లు చేయించారో సీనియర్లను అడగండి. ఇంటర్న్‌షిప్ నిజమైన ల్యాబ్‌లోనా, సర్టిఫికెట్ కోసమా? ఈ జవాబులు నచ్చకపోతే 6 లక్షలే కాదు, లక్ష కూడా ఎక్కువే.

ఉస్మానియాలో ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, దానికి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయించండి. గాంధీనగర్ జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీకీ ప్రయత్నించమనండి. ఆ ఫలితాలు తేలేదాకా ప్రైవేటు సీటుకు అడ్వాన్సు కట్టకండి. సీటు పోతుందని వాళ్లు రోజుకో ఫోన్ చేస్తారు. చేయనివ్వండి.