లెఫ్టినెంట్ జనరల్‌కి లేఖ: ‘డియర్’ తర్వాత ఏం రాయాలి?

ఇంగ్లిష్‌లో రాసే ఆహ్వాన లేఖలో ‘డియర్ లెఫ్టినెంట్ జనరల్’ అనాలా, ‘డియర్ జనరల్’ అనాలా అని అడిగారు కదా. రెండోదే రాయండి, పక్కన ఇంటిపేరు. మేజర్ జనరల్‌కైనా అంతే. లెఫ్టినెంట్ కల్నల్‌ని కల్నల్ అనీ, వైస్ అడ్మిరల్‌నీ రియర్ అడ్మిరల్‌నీ అడ్మిరల్ అనీ సంబోధిస్తారు. ర్యాంకు తగ్గించడం లేదు, పైకే ఎక్కిస్తున్నాం, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు!

పూర్తి ర్యాంకు కనిపించాల్సింది కవరు మీద, లేఖ పైన చిరునామాలో. పతకాలను సూచించే పొడి అక్షరాలుంటే అక్కడే, పేరు తర్వాత. ర్యాంకు ఉన్నచోట ‘మిస్టర్’ తగిలించకండి.

ముగింపు మీరు ఎలా మొదలుపెట్టారన్న దాన్నిబట్టి ఉంటుంది. పేరుతో మొదలుపెడితే ‘యువర్స్ సిన్సియర్లీ’, ఉత్త ‘డియర్ సర్’ అయితే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. ఇది బ్రిటిష్ పద్ధతి. సంతకంలో మీ పేరొక్కటే చాలు. డాక్టర్, ప్రొఫెసర్ లాంటివీ, మీ హోదానూ సంతకం కింద టైపు చేసిన వరసలో పెట్టండి.

పోస్టు చేసేముందు ఆయన ప్రస్తుత ర్యాంకు ఏమిటో ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. నేనోసారి పాత ఉత్తరం చూసి, అప్పటికే మేజర్ జనరల్ అయిన ఆయన్ని బ్రిగేడియర్ అని రాసేశాను.