ఫీజు సరే, నెల నెలా తిండికెలా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. బీఎస్సీలో 78 శాతం వచ్చింది. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ మొదటి విడత కౌన్సెలింగ్‌లో ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది, రెండో విడత ఇంకా ఉంది. మేం బీసీలం. రెండెకరాల పత్తి, అక్క పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. ‘చదువుకో, వద్దనను. కానీ నా దగ్గర రూపాయి లేదు’ అంటున్నాడు నాయన. ఫీజుకు రీయింబర్స్‌మెంట్ ఉంది. మరి ఉండటానికి, తినడానికి? రాత్రిపూట డెలివరీ పని చేస్తూ హైదరాబాద్‌లో చదవొచ్చా, లేక పాలమూరు యూనివర్సిటీకి మారితే మేలా?

జవాబు: తమ్ముడూ, మీ నాయన మాటలో మొదటి సగం గట్టిగా పట్టుకో. చాలా ఇళ్లలో ఆ ‘వద్దనను’ కూడా దొరకదు.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు చేస్తే రెండు రకాల సాయం ఉంటుంది. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే నీ తిండి, వసతి ఖర్చులకు. కాగితం మీద ఈ రెండూ కలిస్తే బతుకు గడుస్తుందనిపిస్తుంది. కానీ ఎంటీఎఫ్ నెల నెలా జీతంలా పడదు. నెలల తరబడి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అది వచ్చినప్పుడు చేసిన అప్పు తీర్చడానికి పనికొస్తుంది గానీ, ఈ నెల మెస్ బిల్లు కట్టడానికి పనికిరాదు. సీటు వదిలేసి ఇంటికి వచ్చేసిన పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతిన్నారు. కోర్సు మొత్తానికి లెక్క సరిపోతుంది, మూడో నెలకే చేతిలో పైసలుండవు.

కాబట్టి నువ్వు తేల్చుకోవాల్సింది ఉస్మానియానా, పాలమూరా అని కాదు. హాస్టల్ సీటు ఎక్కడ ఖాయం, మొదటి నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉందా అన్నవే చూడు.

రిపోర్టింగ్‌కు ముందే ఒకసారి క్యాంపస్‌కు వెళ్లు. నీకొచ్చిన కాలేజీకి సొంత హాస్టల్ ఉందా, పీజీ మొదటి ఏడాది వాళ్లకు ఎప్పుడు ఇస్తారు, అడ్వాన్స్ ఎంత, మెస్ బిల్లు స్కాలర్‌షిప్‌లో సర్దుతారా లేక ముందే కట్టాలా అని ఆఫీసులో అడుగు. ఆ తర్వాత హాస్టల్లో ఉంటున్న సీనియర్లనూ అడుగు, అసలు సంగతి వాళ్లే చెబుతారు. అలాగే బీసీ సంక్షేమ శాఖ కాలేజీ హాస్టళ్లలో కూడా దరఖాస్తు పెట్టు. అక్కడ భోజనానికి నువ్వు కట్టే పని లేదు. ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి నెలకు ఇచ్చే డైట్ ఛార్జీలను ప్రభుత్వం 2024లో 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. ఇంకో మాట, నీది రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్సా చూసుకో. సెల్ఫ్ ఫైనాన్స్ అయితే ఫీజే భారమవుతుంది.

హాస్టల్ ఖాయమైతే ఉస్మానియాకే వెళ్లు. లైబ్రరీ, ల్యాబులు, తోటి పిల్లల పోటీ, అన్నీ నీకు పనికొస్తాయి. ఖాయం కాకపోతే రెండో విడత ఆప్షన్లలో పాలమూరును పెట్టుకో. హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్ అంటే నెలకు ఆరేడు వేలు పోతాయి, ఇంటి నుంచి ఏమీ రానివాడికి అది కుదిరే పని కాదు.

పాలమూరు యూనివర్సిటీ ఉన్న మహబూబ్‌నగర్‌లో ముగ్గురు కలిసి గది తీసుకుని వండుకోవచ్చు. నాయన దగ్గర రూపాయి లేకపోవచ్చు, బియ్యం ఉన్నాయి కదా. రేషన్ కార్డులో నీ పేరుంటే నెలకు 6 కిలోల సన్నబియ్యం నీ వాటా. అది అడగడానికి మొహమాటపడకు. పప్పు, కారం, చింతపండు ఇంటి నుంచే తెచ్చుకో. ఐదు కిలోల చిన్న సిలిండర్ అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డుతోనే ఇస్తారు. అప్పుడు చేతి నుంచి పోయేది అద్దెలో నీ వాటా, కరెంటు, గ్యాస్, కూరగాయలు.

డెలివరీ పని మాత్రం వద్దంటాను. పని తక్కువదని కాదు. కెమిస్ట్రీలో ల్యాబులు ఎగ్గొట్టడం కుదరదు, స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. రాత్రి ఒంటిగంటకు పడుకున్నవాడు పొద్దున క్లాసులో కూర్చోగలడా? పైగా బండి కావాలి, పెట్రోల్ నీదే. దానికంటే సాయంత్రం రెండు గంటలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్ చెప్పు. నలుగురైదుగురు పిల్లలు కుదిరితే నీ కూరగాయలు, గ్యాస్ ఖర్చు వెళ్లిపోతుంది, నీ సబ్జెక్టు కూడా పదునెక్కుతుంది.

మొదటి నాలుగు నెలల డబ్బుకు అమ్మను కదిలించు. ఆమె మహిళా సంఘంలో ఉంటే అక్కడి అప్పు ఊళ్లో మూడు రూపాయల వడ్డీ కంటే చాలా నయం. నూటికి నెలకు మూడంటే ఏడాదికి 36 అని మర్చిపోకు. బ్యాంకు విద్యారుణంలో హాస్టల్, మెస్ ఖర్చులు కూడా చూపించవచ్చు. 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, కానీ నాయన సంతకం కావాలి. ఫోన్‌లో నిమిషంలో డబ్బిచ్చే లోన్ యాప్‌ల జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ పోవద్దు.

కాగితాలు ఇప్పుడే సిద్ధం చెయ్యి. బీసీలకు కుటుంబ ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టుకో, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకయిందో లేదో చూసుకో. దరఖాస్తు పెట్టాక వేలిముద్ర వెయ్యడం మర్చిపోయి ఏడాది పోగొట్టుకున్నవాళ్లున్నారు. రెండో ఏడాది రెన్యువల్ మళ్లీ నువ్వే పెట్టాలి. యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ కూడా ఒకటుంది, నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు ఇస్తారు. డిగ్రీ మార్కుల మీదే ఎంపిక కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది, అయినా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టి చూడు.

ఎక్కడా హాస్టల్ దొరకక, నాలుగు నెలల ఖర్చూ పుట్టకపోతే అప్పులపాలై చేరవద్దు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లను తీసుకుంటారు. ఒక ఏడాది చేసి, నెల నెలా కొంత పక్కన పెట్టి, వచ్చే సీపీగెట్ మళ్లీ రాయి. ఉద్యోగంలో చేరే రోజే పుస్తకాలు కూడా వెంట తీసుకుపో.