సంగీత్‌లో హౌస్ పెట్టగానే ఫ్లోర్ ఖాళీ అయితే...

పెళ్లి సంగీత్‌లో 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) హౌస్‌కి, అంటే ఒక రకం ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్‌కి మారగానే జనం కుర్చీల్లోకి వెళ్లిపోయారని, ఏం చేయాలని ఓ డీజే అడిగారండీ. ముందు టైం చూడండి. భోజనాలు మొదలైతే తప్పు పాటది కాదు. హిట్లు దాచుకుని, సౌండ్ తగ్గించి మెలొడీలు వేయండి.

భోజనాల వేళ కాకపోతే పాటను మధ్యలో తెంచకండి. 32 బీట్ల ఫ్రేజ్ (పాటలో ఒక పూర్తి భాగం) అయ్యాక ఎకో (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఇచ్చి ఆపి, తీన్మార్‌కి నేరుగా కట్ చేయండి. బీట్‌మ్యాచ్‌తో (రెండు పాటల బీట్లు కలపడంతో) కుస్తీ వద్దు: తీన్మార్‌ది 6/8 నడక (ఆరేసి లెక్క), హౌస్‌ది 4/4 (నాలుగేసి లెక్క), బీట్లు వాటంతటవే కలిపే సింక్ బటన్ నొక్కినా దరువు కలవదు. ఇంట్రో అక్కర్లేదు, హుక్ (పాటలో అందరికీ గుర్తుండే ముక్క) దగ్గర హాట్ క్యూ (నొక్కగానే పాట అక్కడి నుంచే మొదలయ్యే గుర్తు) పెట్టుకోండి. తర్వాతి రెండు మూడు పాటలూ అందరికీ తెలిసినవే, ఒక్కోటి 60-90 సెకన్లు చాలు. ఈలోగా యాంకర్‌తో పెళ్లికూతురి స్నేహితుల్ని పిలిపించండి. నలుగురు దిగితే మిగతావాళ్లు వస్తారు.

వాల్యూమ్ మాత్రం పెంచొద్దు. స్పీకర్ల ముందున్న పెద్దవాళ్లే మొదట లేచిపోతారు.