ప్రతి జనవరిలో మొదలుపెట్టి లేవీయకాండములో ఆగిపోతున్న బైబిల్ పఠనానికి సమాధానం

మీరు ఆగిపోయేది భక్తి తగ్గి కాదు, లెక్క వల్ల. మొత్తం 1,189 అధ్యాయాలు ఏడాదిలో అయిపోవాలంటే రోజుకు మూడు పైనే చదవాలి. ఆదికాండము కథలా సాగిపోతుంది. నిర్గమకాండము 25 నుంచి ఆరాధన గుడారం కొలతలు, ఆ వెనకే లేవీయకాండములో బలుల నియమాలు. జనవరి చివరికి సరిగ్గా అక్కడికి చేరతారు. (నేనూ మూడేళ్లు అక్కడే ఆగాను.)

ఇలా చేసి చూడండి:

1. ఏడాదిలో బైబిల్ పూర్తి చేసే చార్టు పక్కన పెట్టి సామెతల గ్రంథం తీయండి. 31 అధ్యాయాలు. ఈరోజు తేదీ ఎంతో ఆ అధ్యాయం చదవండి.

2. అందరూ తప్పేది ఇక్కడే. రెండు రోజులు తప్పిపోతే మూడో రోజు మూడూ కలిపి చదవబోతారు. అది బాకీలా పేరుకుపోయి, టెన్షన్ పెరిగి, పుస్తకం మూసేస్తారు. తప్పినవి వదిలేయండి. 9వ తేదీ అయితే 9వ అధ్యాయమే. మిగిలినవి వచ్చే నెల అవే తేదీల్లో మళ్లీ వస్తాయి.

3. 10వ అధ్యాయం నుంచి చాలా వచనాలు విడివిడి మాటలే. ఒక్కటి చాలు. 15వ తేదీన మొదటి వచనం తీసుకున్నారనుకోండి: మృదువైన జవాబు కోపాన్ని చల్లారుస్తుందని. ఆ రోజు ఇంట్లో ఒక్క జవాబైనా గొంతు తగ్గించి చెప్పండి. నాకైతే రాత్రి ప్రార్థనకు విషయం దొరికేది అక్కడే.

4. నెల గడిచాక సామెతలతో పాటు మార్కు సువార్త కూడా, 16 అధ్యాయాలే. లేవీయకాండము ఆ తర్వాత, హెబ్రీయులకు రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలు పక్కన పెట్టుకుని చదవండి. ఆ బలులు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.